పసికందుల నేత్రదోషములు – పెద్దల కర్తవ్యము

(రథసప్తమి సందర్భమున దేవస్థాన ప్రాంగణంలో చేసిన ఉపన్యాసపాఠం)





ఈ దినం రథసప్తమి. తెల్లవారుజామున జిల్లేడాకులు, రేగిపండ్లు శిరస్సున ధరించి స్నానం చేసి, సూర్యభగవానునికి అర్ఘ్యమిచ్చి ఇక్కడికి విచ్చేసినారు. విరాట్పురుషుని నేత్రం నుండి సూర్యుడు ఉద్భవించినాడని పురుషసూక్తం చెబుతున్నది. ఆ సూర్యుడే మరల చక్షురింద్రియమై మానవుని కన్నులలో ప్రవేశించినాడని ఐతరేయోపనిషత్తు చెబుతున్నది. కనుక నేత్రాన్ని గురించి ఆలోచించడానికి ఇంతకంటె తగిన దినం ఉండదు. పుట్టుకతోనే కంటిలో దోషం కలిగిన పసిబిడ్డలను గురించి, కంటిపైనా రెప్పపైనా పెరిగే కండలను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను వైద్యుణ్ణి కాను. సంస్కృత పాఠశాలలో వ్యాకరణం, ధర్మశాస్త్రం, కొంత ఆయుర్వేదం చదువుకొన్నవాణ్ణి. అయితే ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలోనూ, కొల్లేటి లంకలలోనూ ఏభై ఏండ్లుగా బారసాలలకూ అన్నప్రాశనలకూ వెళుతున్నాను. బిడ్డ ముఖాన్ని తల్లిదండ్రుల తరువాత దగ్గరగా చూసేది చాలా ఇండ్లలో పురోహితుడే. బిడ్డ కంటిలో లోపం కనబడగానే పెద్దలు ఏమంటారో నేను ఎరుగుదును. "పూర్వజన్మ కర్మ" అంటారు. "గ్రహణం పట్టినప్పుడు తల్లి బయట తిరిగి ఉంటుంది" అంటారు. "దేవుడు రాసిన రాత, మనమేమి చేస్తాము" అంటారు. ఇవి భక్తితో అన్న మాటలే కావచ్చును. కాని మన శాస్త్రం ఇట్లా చెప్పలేదు. ఆ సంగతిని మొదట నిరూపిస్తాను.

సుశ్రుతసంహిత సూత్రస్థానంలో మహర్షి వ్యాధులను 7 విధాలుగా విభజించినాడు. ఆదిబలం, జన్మబలం, దోషబలం, సంఘాతబలం, కాలబలం, దైవబలం, స్వభావబలం అనేవి వాటి పేర్లు. తల్లిదండ్రుల బీజదోషం వలన వచ్చేవి ఆదిబలప్రవృత్తాలు. గర్భంలో ఉండగా కలిగేవి జన్మబలప్రవృత్తాలు. శాపం, పిడుగు మొదలైన కారణాల వలన కలిగేవి దైవబలప్రవృత్తాలు. ఇప్పుడు సావధానంగా వినండి. జాత్యంధుని, అనగా పుట్టుగుడ్డివానిని, మహర్షి ఏ వర్గంలో చేర్చినాడు? దైవబలంలో చేర్చలేదు. జన్మబలంలో చేర్చినాడు. దైవబలమనే వర్గం ఒకటి ఎదురుగా ఉండి కూడా అందులో వేయలేదు. శారీరస్థానంలో మరల ఈ ప్రసక్తి తెచ్చి, గర్భస్థ శిశువు దృష్టిభాగానికి తేజోధాతువు చేరకపోతే జాత్యంధత్వం కలుగుతుందని కారణం కూడా చెప్పినాడు. కారణం వెదకదగినదని, వెదికినప్పుడే ఉపాయం దొరకుతుందని ఆయన భావం. కర్మసిద్ధాంతాన్ని నేను కాదనడం లేదు. ప్రారబ్ధం ఉన్నట్లే పురుషప్రయత్నం కూడా ఉన్నది. ప్రయత్నం చేయకుండా ప్రారబ్ధం మీద భారం వేయడం భక్తి కాదు, ఆలస్యం.

జన్మబలమనగానే "అయితే తప్పు తల్లిదే కదా" అని కోడలివైపు వేలు చూపేవారు ఉంటారు. ధృతరాష్ట్రుని కథ చెప్పి, అంబిక కన్నులు మూసుకొన్నది కనుక కొడుకు అంధుడైనాడు అని ఉదాహరిస్తారు. అది ఇతిహాసంలోని ఒక ఘట్టం. దానిని ప్రతి ఇంటి కోడలిపై మోపే నేరపత్రంగా వాడుకోరాదు. 1941లో ఆస్ట్రేలియా దేశంలో సిడ్నీ నగరాన నార్మన్ గ్రెగ్ అనే నేత్రవైద్యుడు ఉండేవాడు. ఆయన వద్దకు వరుసగా పుట్టుశుక్లాలున్న పసిబిడ్డలు రాసాగినారు. ఆ తల్లులను ఓపికగా విచారించగా, గర్భం ధరించిన తొలి నెలలలో వారికి రుబెల్లా అనే తట్టు వంటి జ్వరం వచ్చినదని తేలినది. పెద్దలకు రెండు మూడు రోజులలో తగ్గిపోయే ఆ జ్వరం గర్భస్థ శిశువు కన్నును, హృదయాన్ని, చెవిని దెబ్బతీస్తుంది. ఆ తల్లులు చేసిన అపచారం ఏమున్నది? నేడు బిడ్డలకు 9 నుంచి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య రెండవసారి తట్టు–రుబెల్లా టీకా ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తున్నది. ఈ దినం ఆడపిల్లకు వేయించిన టీకా రేపు ఆమె కడుపున పుట్టబోయే బిడ్డ కన్నులకు కూడా రక్ష.

ఇక కంటిపై పెరిగే కండలను గురించి. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలను వర్ణించినాడు. వాటిలో రెప్పలకు సంబంధించినవి 21, తెల్లగుడ్డుకు సంబంధించినవి 11. రెప్పలో గట్టిగా, నొప్పి లేకుండా, చీము పట్టకుండా రేగిపండంత పెరిగే గడ్డకు లగణమని పేరు. రెప్ప లోపల ఎగుడుదిగుడుగా పెరిగే నొప్పిలేని ముడికి అర్బుదమని పేరు. తెల్లగుడ్డు మీద పొరవలె వ్యాపించే కండకు అర్మమని పేరు. దానిలో 5 భేదాలున్నాయి. మన పల్లెలలో దీనినే కంటిలో కండ పెరిగినది అంటారు. కొల్లేటి చెరువులపై ఎండలో పనిచేసే వారికి, వరిచేలలో, మట్టిరోడ్లపై తిరిగేవారికి ఇది ఎక్కువగా కనబడుతుంది. ఆకాశం నుండి పడే ఎండ ఒకటి, నీటిపై నుండి తిరిగి కంటికి కొట్టే ఎండ మరొకటి. వీటికి గాలి, ధూళి తోడవుతాయి. అంచు వెడల్పైన టోపీ, ఎండ కళ్ళజోడు శ్రామికునికి ఆడంబరం కాదు, కవచం.

ఈ అర్మం సాధారణంగా ప్రాణహాని చేసేది కాదు. అయినా నల్లగుడ్డు మీదికి ప్రాకితే చూపును మందగింపజేస్తుంది. అప్పుడు శస్త్రచికిత్స అవసరం. సుశ్రుతుడు చెప్పిన విధానం చూడండి. రోగిని కంటి బయటికొన వైపు చూడమని, కండను కొక్కెంతో పైకెత్తి, మండలాగ్రమనే శస్త్రంతో ఛేదించమన్నాడు. అయితే ముక్కువైపు మూలలో నాలుగవ వంతు మిగల్చమన్నాడు. అంతా కోసివేస్తే రక్తస్రావం, నాళవ్రణం కలుగుతాయని హెచ్చరించినాడు. ఇంత సూక్ష్మంగా చెప్పిన గ్రంథం మన ఇంట ఉండగా, తెలియని వారి చేత ఆకు పసరు పోయించుకొని కన్ను పాడుచేసుకోవడం న్యాయమా?

పెద్దలకు సాధువుగా ఉండే కండ పసిబిడ్డకు సాధువు కాకపోవచ్చును. ఈ విషయం ముఖ్యమైనది. కొందరు బిడ్డలకు పుట్టిన కొద్దివారాలలో రెప్పమీద ఎర్రని మెత్తని కండ బయలుదేరుతుంది. అది రక్తనాళాల ముద్ద. కొన్ని నెలలు పెరిగి, తరువాత కొన్ని ఏండ్లకు తానే కుదించుకుపోతుంది. కనుక "వదిలేయండి, అదే పోతుంది" అంటారు. ఆ మాట చాలామంది విషయంలో నిజమే. కాని ఆ కండ కంటిపాపను కప్పినా, గుడ్డును నొక్కినా పరిస్థితి వేరు. ఎందుకంటే చూడడం అనేది పుట్టుకతో సంపూర్ణంగా వచ్చే విద్య కాదు. బిడ్డ మాటలు నేర్చినట్లే మెదడు కూడా చూపును నేర్చుకొంటుంది. ఆ గురుకులవాసం తొలి నెలలలో, తొలి సంవత్సరాలలో జరుగుతుంది. అప్పుడు కన్ను కప్పబడితే, తరువాత కప్పు తొలగించినా మెదడు ఆ కంటిని పట్టించుకోదు. అమెరికాలో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులు పిల్లికూనల మీద పరిశోధించి ఈ సంగతి నిరూపించినారు. వారికి 1981లో నోబెల్ బహుమతి లభించినది. రక్తనాళాల కండకు నేడు మందు కూడా ఉన్నది. గుండెజబ్బుకు వాడే ప్రొప్రనొలాల్ అనే ఔషధం ఈ కండను కుదిస్తుందని 2008లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ప్రకటించినారు. వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వదగినది అది. కంటి అంచున పుట్టుకతో ఉండే తెల్లని కండ, ఒక్కొక్కప్పుడు దానిపై వెంట్రుకలు మొలవడం, రెప్ప వాలిపోవడం – ఇవన్నీ ఈ కోవలోనివే. కండ సాధువైనా కాలం సాధువు కాదు.

పుట్టుశుక్లం కూడా ఇంతే. రెండు కన్నులలోనూ దట్టంగా ఉంటే తొలి 6 నుంచి 10 వారాలలోపే తీయించాలని వైద్యులు చెబుతారు. "కొంచెం పెద్దయిన తరువాత చేయిద్దాము" అనే మాట తాత మోకాలికి చెల్లుతుంది, మనుమరాలి కంటికి చెల్లదు.

ఇక అందరికంటె మోసపుచ్చే దోషం ఒకటున్నది. దానిని గుర్తించడం కష్టం. ఎందుకనగా దానిని చూసి మనం మురిసిపోతాము. బిడ్డకు కన్నులు పెద్దవిగా ఉన్నాయనుకోండి. "విశాలాక్షి పుట్టినది" అంటాము. కమలాక్షి, మీనాక్షి అని పేర్లు పెట్టుకొంటాము. చాలా ఇండ్లలో అది నిజంగా అందమే. కాని కొన్ని ఇండ్లలో అది పుట్టుకతో వచ్చిన నీటికాసుల వ్యాధి, అనగా గ్లకోమా.

దానిని మన కొల్లేరుతో పోల్చి చెబుతాను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటిలోనికి నీరు తెస్తాయి. ఆ నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే త్రోవ. ఉప్పుటేరు పూడుకుపోతే ఏమవుతుంది? కొల్లేరు ఉబ్బి చేలను ముంచుతుంది. కంటిలోపల కూడా నిత్యం నీరు ఊరుతుంది. నల్లగుడ్డు అంచున ఉన్న సన్నని జాలకం ద్వారా బయటకు పోతుంది. ఆ త్రోవ గర్భంలో సరిగా ఏర్పడకపోతే నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. పసిబిడ్డ కంటిగోడ మెత్తనిది గనుక గుడ్డు సాగి పెద్దదవుతుంది. నవజాత శిశువు నల్లగుడ్డు పారదర్శక పొర అడ్డుకొలత సుమారు 10 మిల్లీమీటర్లు. తొలి సంవత్సరంలో అది 12 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే అనుమానించాలి. లోపల మాత్రం ఆ ఒత్తిడి చూపునాడిని ముంచుతూ ఉంటుంది. ఒకసారి మునిగిన నాడి తిరిగి లేవదు.

ఈ వ్యాధి మన ఆంధ్రదేశానికి పరాయిది కాదు. పాశ్చాత్య దేశాలలో సుమారు 10,000 కాన్పులకు ఒకటి కనబడుతుందని చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకు ఒకటి అని వైద్యగ్రంథాలు పేర్కొంటున్నాయి. ప్రపంచ వైద్యగ్రంథాలలో ఈ వ్యాధి ప్రస్తావన వచ్చినచోట మన రాష్ట్రం పేరు కనబడుతుంది. అది మనకు గర్వకారణం కాదు. గర్వకారణం మరొకటి ఉన్నది. హైదరాబాదులో ఈ పసికందులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్ గారికి 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించినది. రోగం మన ఇంట ఉన్నది, చికిత్స కూడా మన ఇంటనే ఉన్నది. మధ్యలో ఆలస్యం మాత్రం మనది.

కొల్లేటి లంకలలో ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. తొలిచూలు ఆడపిల్ల. పెద్ద కన్నులు. చూసినవారందరూ మెచ్చుకొన్నారు. బిడ్డ దీపం చూస్తే ముఖం తిప్పుకొనేది, కన్నులు అస్తమానం చెమర్చేవి. దిష్టి తగిలిందని కాటుక దట్టంగా పెట్టినారు. నల్లగుడ్డు పాలు పోసినట్లు తెల్లబడిన తరువాత, రెండవ ఏట ఆసుపత్రికి తీసుకుపోయినారు. శస్త్రచికిత్స వలన ఒత్తిడి తగ్గినది, పోయిన చూపు మాత్రం తిరిగి రాలేదు. తరువాతి బిడ్డ పుట్టగానే చూపించమని అక్కడి వైద్యుడు గట్టిగా చెప్పి పంపినాడు.

రెండవ కాన్పు అయినది. నాలుగవ రోజున నన్ను పిలిపించినారు. నాయనమ్మగారు అడిగిన ప్రశ్న ఇది: "పంతులుగారూ, పురుడు తీరలేదు, ఇరవయ్యొకటో రోజు రాలేదు. బిడ్డను గడప దాటించవచ్చునా? దాటిస్తే ఏ ముహూర్తం మంచిది?" తల్లి మంచం మీద నుండి నా ముఖం వంకే చూస్తున్నది. నేను పంచాంగం తెరవలేదు. "అమ్మా, ఆతురునికి నియమాలు సడలుతాయని ధర్మశాస్త్రమే చెబుతున్నది. జాతాశౌచం దేవతార్చనకు అడ్డం గాని చికిత్సకు అడ్డం కాదు. మొదటి బస్సు వేళే మీకు ముహూర్తం" అని చెప్పినాను. ఆ మధ్యాహ్నమే బయలుదేరినారు. ఈ బిడ్డకూ అదే వ్యాధి ఉన్నదని తేలినది. నెల తిరగకముందే శస్త్రచికిత్స జరిగినది. నేడు ఆ పిల్ల కళ్ళజోడు పెట్టుకొని బడికి పోయి పలకమీద అక్షరాలు దిద్దుతున్నది. అక్క చేతివేళ్ళతో చదువుతున్నది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే వ్యాధి. ఇద్దరి మధ్య భేదం రెండు సంవత్సరాల కాలం మాత్రమే.

ఆ దంపతులది మేనరికం. మేనరికాన్ని గురించి ధర్మశాస్త్రం చదివినవాడుగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. బీజదోషాలలో కొన్ని గుప్తంగా ఉంటాయి. ఒక వ్యక్తి యందు దోషబీజం ఒక్కటే ఉంటే రోగం కనబడదు. భర్తకూ భార్యకూ అదే బీజం ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు బిడ్డకు రెండు వైపుల నుండీ అది సంక్రమించే అవకాశం ఉంటుంది. దగ్గరి చుట్టాల తాతలు ఒక్కరే గనుక ఇద్దరికీ ఒకే బీజం అందడం సులభం. పుట్టుకతో వచ్చే గ్లకోమా, రేచీకటితో మొదలై చూపును హరించే కొన్ని దృష్టిపటల వ్యాధులు ఈ మార్గంలో వస్తాయి. మేనరికం చేసుకొన్న వారందరికీ ఇట్లా జరుగుతుందని కాదు. మేనరికం కాని ఇండ్లలో జరగదనీ కాదు. అపాయం పెరుగుతుందని మాత్రం నిశ్చయం.

"మేనరికం మన ఆచారం కదా" అంటారు. నిజమే. బౌధాయనుడు తన ధర్మసూత్రంలో దక్షిణదేశానికి ప్రత్యేకమైన ఆచారాలను 5 పేర్కొని, వాటిలో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడడాన్ని చేర్చినాడు. అది దేశాచారమని గుర్తించినాడే గాని విధి అని శాసించలేదు. తల్లివైపు 5 తరాలు, తండ్రివైపు 7 తరాలు విడువమని యాజ్ఞవల్క్యాది స్మృతుల మాట. కనుక మేనరికం మానుకొంటే అధర్మం లేదు. ఆస్తి చెదరకూడదని, ఇచ్చిన మాట పోకూడదని బంధాలు కలుపుకొనేముందు, ఇరువైపులా చిన్నతనంలో చూపు పోయినవారు ఉన్నారా అని ఒక్కసారి విచారించండి. ఉన్నట్లయితే జన్యువైద్యుని సలహా తీసుకొనండి. ఇప్పటికే మేనరికం చేసుకొన్న దంపతులు కుమిలిపోవలసిన పని లేదు. బిడ్డను పుట్టగానే నేత్రవైద్యునికి చూపిస్తే చాలును.

సూర్యరథానికి 7 అశ్వాలు. మీరు జ్ఞాపకముంచుకోవడానికి 7 గుర్తులు చెబుతాను. ఒకటి, కంటిపాపలో తెలుపు కనబడడం, లేదా ఫొటో తీసినప్పుడు పాప పిల్లికన్ను వలె తెల్లగా మెరవడం. ఇది శుక్లం కావచ్చును, ప్రాణం తీసే కంటి కేన్సరు కూడా కావచ్చును. ఆ దినమే వైద్యుని వద్దకు పోవాలి. రెండు, నల్లగుడ్డు మరీ పెద్దదిగా ఉండడం, లేదా మసకబారడం. మూడు, వెలుగును సహించలేక ముఖం దాచుకోవడం, కన్నీరు కారడం. వట్టి నీరు కారడం చాలామంది పసిబిడ్డలలో కన్నీటినాళం తెరుచుకోకపోవడం వలన కలిగి, సంవత్సరంలోపు సర్దుకొంటుంది. వెలుగంటే భయం తోడైతే మాత్రం అది వేరు. నాలుగు, మూడు నెలలు దాటినా తల్లి ముఖం మీద చూపు నిలపకపోవడం. అయిదు, కనుగుడ్లు అదేపనిగా ఊగడం. ఆరు, నాలుగైదు నెలలు దాటినా మెల్ల ఉండడం. మెల్లకన్ను అదృష్టమన్న మాటకు శాస్త్రాధారం లేదు. ఏడు, రెప్ప వాలిపోవడం, రెప్పపై గాని గుడ్డుపై గాని కండ పెరగడం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఏ గుర్తూ లేకపోయినా 30 రోజులలోపు కంటిపరీక్ష చేయించాలి.

కొన్ని నిషేధాలు కూడా వినండి. పసిబిడ్డ కంటిలో చనుబాలు, ఆముదం, ఆకు పసరు పోయరాదు. దిష్టి తీయాలంటే చుక్కను బుగ్గనో అరికాలినో పెట్టండి, కంటిలో పెట్టకండి. రథసప్తమి జిల్లేడాకులను తుంచిన తరువాత పాలు పోయేటట్లు బాగా కడిగి వాడండి. ఆ పాలు కంటిలో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది. చాక్షుషోపనిషత్తు పారాయణ చేసుకొనండి, తప్పక చేసుకొనండి. ఆసుపత్రికి పోయే దారిలో చేసుకొనండి.

ఎక్కడికి పోవాలని అడుగుతారు. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వారు 2013 నుండి పిల్లలను పరీక్షిస్తున్నారు. పుట్టుశుక్లం వారు వెదికే దోషాలలో ఒకటి. ఆశా కార్యకర్తను అడగండి, ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. ఇంకొక సంగతి మన ప్రాంతం వారు తెలుసుకోదగినది. ఏలూరు సమీపాన సోమవరప్పాడులో జన్మించిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు గారు చలనచిత్రరంగంలో ఎల్.వి. ప్రసాద్ అనే పేరుతో ప్రఖ్యాతులైనారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో నేత్రవైద్యాలయం స్థాపించ సంకల్పించినప్పుడు ప్రసాద్ గారి కుటుంబం భూమినీ ధనాన్నీ దానం చేసినది. 1987లో ఆరంభమైన ఆ సంస్థకు ఆయన పేరే పెట్టినారు. దానికి నేడు విజయవాడ వద్ద తాడిగడపలోనూ ప్రాంగణం ఉన్నది. మన మట్టిలో పుట్టినవాని దానం దేశదేశాల బిడ్డలకు చూపునిస్తుండగా, మన బిడ్డలు ఆలస్యం వలన చూపు కోల్పోవడం తగదు.

ఎంత ప్రయత్నించినా చూపు రాని బిడ్డలు కొందరుంటారు. వారి సంగతి చెప్పకుండా ముగిస్తే ఈ మాటలు అసంపూర్ణం. ఋగ్వేదంలో దీర్ఘతముడనే మహర్షి దర్శించిన సూక్తాలున్నాయి. ఆయన పుట్టు అంధుడని ఇతిహాసం. కన్నులు లేనివానిని మన సంప్రదాయం మంత్రద్రష్ట అని పిలిచినది. ద్రష్ట అనగా చూచినవాడు. తెలుగు అక్షరాలకు బ్రెయిలీ లిపి ఉన్నది, చదువుకు త్రోవ ఉన్నది. ఆ బిడ్డను అయ్యో అని మూలన కూర్చోబెట్టకుండా బడికి పంపడం కూడా చికిత్సలో భాగమే.

ఈ దినం సూర్యునికి అర్ఘ్యమిచ్చినారు. ఇంటికి పోయిన తరువాత మీ ఇంట గాని, పొరుగింట గాని పసిబిడ్డ ఉంటే ఒక్కసారి వెలుతురులోనికి తెచ్చి ఆ కన్నులలోనికి తేరిపార చూడండి. అనుమానం కలిగితే రేపటిదాకా ఆగకండి.

స్వస్తి. శుభం భూయాత్.